కొలెస్ట్రాల్ మాత్ర రాసే ముందు ఆ ఒక్క లెక్క చెప్పండి: విశాఖ వైద్యులకు, ల్యాబులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన విశాఖపట్నం వైద్యులకు, డయాగ్నస్టిక్ ల్యాబుల నిర్వాహకులకు, ఉచిత ఆరోగ్య శిబిరాలు పెట్టే సంస్థలకు,

నమస్కారం. గాజువాక నుంచి మధురవాడ దాకా మందుల షాపుల్లో, ఆస్పత్రుల ఫార్మసీల్లో పనిచేసే ఫార్మసిస్టులం ఈ లేఖ రాస్తున్నాం. ఇందులోని విషయాలనే ఇంతకుముందు కొందరు వైద్యులకు, ల్యాబులకు విడివిడిగా రాసి ఇచ్చాం. తీసుకున్నారు, ముట్టినట్టు సంతకం పెట్టారు, జవాబు మాత్రం రాలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాం.

మొదటే ఒక మాట. ఇది కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రల మీద దండెత్తే లేఖ కాదు. గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంట్ వేయించుకున్నవాళ్లు, బైపాస్ అయినవాళ్లు, రక్తనాళం పూడుకుపోయి పక్షవాతం వచ్చినవాళ్లు, ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ 190 దాటినవాళ్లు, నలభై దాటిన షుగర్ రోగులు ఇది చదివి మాత్ర మానేయకూడదు. వాళ్లకు దానివల్ల మేలు ఉందని ఎప్పుడో తేలింది; గుండె జబ్బు ఉన్నవాళ్ల విషయంలో తేలి ముప్పై ఏళ్లు అయింది. 1994లో వెలువడిన స్కాండినేవియా అధ్యయనంలో గుండె జబ్బు ఉన్న 4,444 మందిని అయిదేళ్లకు పైగా గమనించారు. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 256 మంది చనిపోతే, సిమ్వాస్టాటిన్ అనే స్టాటిన్ వేసుకున్నవారిలో 182 మంది చనిపోయారు. నూటికి 12 మరణాలు 8కి తగ్గాయి. అది చిన్న మేలు కాదు.

మా ప్రశ్న ఇంకో గుంపు గురించి. గుండె జబ్బు లేదు, షుగర్ లేదు, బీపీ మామూలుగానే ఉంది, పొగ తాగరు. ఉన్నదల్లా రిపోర్టులో ఒక అంకె పక్కన పడిన నక్షత్రం గుర్తు. ఆ గుర్తు చూసి బతికున్నంతకాలం మాత్ర రాయడం సరైనదేనా? రాస్తే, దానివల్ల ఆ మనిషికి ఎంత మేలు ఒనగూరుతుందో అంకెల్లో చెప్పారా?

ఆ రిపోర్టు ఒకసారి చూడండి. నలభై అయిదేళ్ల మనిషి అనుకుందాం. టోటల్ కొలెస్ట్రాల్ 214, హెచ్‌డీఎల్ అనే మంచి కొలెస్ట్రాల్ 44, ట్రైగ్లిజరైడ్లు అనే ఇంకో రకం కొవ్వు 180, ఎల్‌డీఎల్ 134. నాలుగింట మూడు లావు అక్షరాల్లో ఉంటాయి, పక్కన ‘హై’ అని. కింద వీఎల్‌డీఎల్, ఇంకో మూడు నిష్పత్తులు, అందులోనూ ఒకటి రెండు లావు అక్షరాలే. డాక్టరు గది ముందు బెంచీ మీద కూర్చునేసరికే ఆ మనిషి సగం భయపడిపోయి ఉంటాడు. చాలా ల్యాబుల్లో ఆ 134 యంత్రం కొలిచిన అంకె కూడా కాదు. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్లను అయిదుతో భాగించి అదీ తీసేస్తే మిగిలింది: 214లో 44 పోతే 170, అందులో 36 పోతే 134. ఇది 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ సూత్రం పనికిరాదు. అంతకు ముందు నుంచే అవి పెరిగేకొద్దీ ఎల్‌డీఎల్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. అన్నం ఎక్కువ తినే మన దగ్గర ట్రైగ్లిజరైడ్లు పెరగడం, హెచ్‌డీఎల్ తగ్గడం మామూలే. అంటే అవసరం లేనివాళ్లను బెదరగొట్టే రిపోర్టే, అవసరమున్న కొందరికి ధీమా కూడా ఇస్తోంది. ఆ 170 ఉందే, హెచ్‌డీఎల్ కానిదంతా కలిపిన అంకె, అది పరగడుపు అక్కర్లేకుండా కూడా నమ్మదగినది. దాన్ని మాత్రం కొన్ని రిపోర్టుల్లో అసలు వేయరు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. గుండె జబ్బు లేనివారి మీద జరిగిన పెద్ద అధ్యయనాల్లో ఒకటి 1995లో పశ్చిమ స్కాట్లాండ్ నుంచి వచ్చింది. 6,595 మంది మగవాళ్లు, సగటు ఎల్‌డీఎల్ 192. సుమారు అయిదేళ్లలో గుండెపోటు వచ్చినవారు, గుండె జబ్బుతో చనిపోయినవారు కలిపి ఉత్తుత్తి మాత్ర గుంపులో నూటికి 7.9, ప్రవాస్టాటిన్ గుంపులో 5.5. దీన్ని ‘31 శాతం తగ్గింది’ అనీ చెప్పొచ్చు, ‘నూరు మంది అయిదేళ్లు వేసుకుంటే ఇద్దరో ముగ్గురో తప్పించుకున్నారు’ అనీ చెప్పొచ్చు. 2003లో బీపీ రోగుల మీద అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాములతో జరిగిన అధ్యయనం చూడండి. మూడేళ్ల పైచిలుకులో గుండెపోట్లు, గుండె జబ్బు మరణాలు కలిపి 3 శాతం ఉన్నది 1.9కి తగ్గింది. దాన్నే అమెరికాలో ‘36 శాతం తగ్గింపు’ అని పెద్ద అక్షరాలతో ప్రకటన వేసుకున్నారు. రెండూ నిజమే. కానీ మన ముందు కూర్చున్న మనిషికి ఏది చెప్పాలి? 36 అంటే నూటికి ముప్పై ఆరుగురు బతికిపోతారని అర్థం చేసుకుంటాడు. నిజానికి నూటికి ఒక్కరు.

వేలమంది వివరాలు కలిపి చూస్తే తేలింది ఇది: ఎల్‌డీఎల్ సుమారు 39 తగ్గితే గుండెపోటు, పక్షవాతం, స్టెంట్ అవసరం లాంటివి అయిదింట ఒకవంతు తగ్గుతాయి. కీలకం ఎక్కడుందంటే, దేంట్లో అయిదింట ఒకవంతు? పదేళ్లలో నూటికి 20 ముప్పు ఉన్నవాడికి నాలుగు తగ్గుతాయి. నూటికి 4 ముప్పు ఉన్నవాడికి ఒకటి కూడా తగ్గదు. మాత్ర అదే, రంగు అదే, ధర అదే. మేలు మాత్రం అయిదు రెట్లు తేడా. నలభై రెండేళ్లకు మొదలుపెట్టి డెబ్బై అయిదు దాకా రోజుకొకటి వేసుకుంటే పన్నెండు వేల మాత్రలు దాటతాయి. పన్నెండు వేల మాత్రలు మింగమని చెప్పేటప్పుడు ఆ ఒక్క లెక్క చెప్పడం న్యాయం కాదా?

మా వాదనకు ఎదురు వాదన ఉంది, దాన్ని దాచం. పదేళ్ల లెక్క చిన్న వయసువారి ముప్పును తక్కువ చేసి చూపిస్తుంది. పుట్టుకతోనే జన్యువుల వల్ల ఎల్‌డీఎల్ తక్కువున్నవారికి గుండె జబ్బు చాలా తక్కువ వస్తుందని 2006 నుంచి తెలుసు. అంటే కొవ్వు ఎంతకాలం ఎక్కువగా ఉందన్నదీ లెక్కలోకి వస్తుంది. పైగా దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు మిగతా దేశాలవారికంటే కొన్నేళ్లు ముందే వస్తోందని 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం చూపింది. మన గుండె వైద్యుల సంఘమైన కార్డియలాజికల్ సొసైటీ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు ముప్పు తక్కువున్నవారికి కూడా ఎల్‌డీఎల్ 100 లోపు ఉంటే మంచిదన్నాయి. సరే. అయితే ‘100 లోపు ఉండాలి’ అనడం, ‘100 దాటిన ప్రతివారికీ మాత్ర’ అనడం ఒకటి కాదు. తండ్రికి నలభై ఎనిమిదేళ్లకే గుండెపోటు వచ్చిన కొడుక్కి మాత్ర ముందుగా మొదలుపెడతామంటే మేం ఎదురు చెప్పం. ఆ సంగతి అడిగి, రాసి, చెప్పి మొదలుపెట్టమనే అంటున్నాం.

మా విన్నపాలు, వాటి వెనుక మేం రోజూ కౌంటర్ దగ్గర చూస్తున్న నష్టాలు ఇవీ.

1. ముప్పు లెక్క కట్టకుండా మాత్ర రాయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దక్షిణాసియాకు విడిగా రంగుల పట్టికలు ఇచ్చింది. వయసు, ఆడ మగ, పొగ, పై బీపీ, షుగర్, టోటల్ కొలెస్ట్రాల్: ఆరు అంశాలు, రెండు నిమిషాల పని. రక్త పరీక్ష లేకుండా ఎత్తు బరువులతో చూసే పట్టిక కూడా ఉంది. దాని మీద కుటుంబ చరిత్ర అడగండి: తండ్రికో అన్నదమ్ములకో 55 లోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 లోపు గుండె జబ్బు వచ్చిందా అని. తేల్చుకోలేని కేసుల్లో లైపోప్రోటీన్ (ఎ) అనే మరో రకం కొవ్వును జీవితంలో ఒక్కసారి చూస్తే చాలు. పొగ గురించి అడిగేటప్పుడు ‘సిగరెట్ తాగుతారా’ అంటే మన తీరంలో సరిపోదు. నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటున్న పెద్దావిడలు జాలరిపేటల్లో ఇప్పటికీ ఉన్నారు. సిగరెట్టా అంటే లేదంటారు. ‘చుట్ట కాలుస్తావా అమ్మా’ అని అడగాలి.

2. ఒక్క రిపోర్టుతో మొదలుపెట్టకండి. ఒకే మనిషికి వారం తేడాలో తీసిన కొలెస్ట్రాల్ కూడా కొంత అటూ ఇటూ అవుతుంది. జ్వరం, ఆపరేషన్ తర్వాత తీసిన అంకెను నమ్మకూడదు. థైరాయిడ్ తక్కువైతే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష చూడకుండా స్టాటిన్ రాస్తే అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది, పైగా ఆ స్థితిలో కండరాల నొప్పుల బెడద కూడా ఎక్కువ. మద్యం, స్టెరాయిడ్లు, అదుపు తప్పిన షుగర్, మూత్రంలో ప్రోటీన్ పోవడం, ఇవన్నీ ముందు చూడాల్సినవే. బీచ్ రోడ్డులో పొద్దున్నే నడకకు వచ్చినవారి వేలు గుచ్చి చూసే శిబిరాల అంకె మీద అయితే మాత్ర అసలు మొదలుపెట్టకూడదు. అది మళ్లీ పరీక్ష చేయించుకోమనడానికి మాత్రమే పనికొస్తుంది.

3. చీటీ మీద కారణం రాయండి. అన్నిటికంటే గట్టిగా అడుగుతున్నది ఇదే. మా కౌంటర్ దగ్గర నెలాఖరున తరచూ వినబడే మాట: ‘చీటీలో పై మూడూ ఇవ్వండి చాలు.’ డబ్బు సరిపోదు. ఆరు మందుల్లో ఏది తప్పనిసరో ఏది కాదో ఆ చీటీ మీద ఎక్కడా ఉండదు. వరుసలో కింద ఉన్నది ఆగిపోతుంది. ఆటో నడిపే మనిషి ఒకరు ఏ జబ్బూ లేకుండా రాసిన ఖరీదైన కొలెస్ట్రాల్ క్యాప్సూల్ కొని, బీపీ మాత్ర వదిలేస్తాడు. ఇంకొకరు స్టెంట్ వేసి ఆరు నెలలు కాకముందే, ‘కొవ్వు తగ్గిపోయిందిగా’ అని స్టాటిన్ వదిలేస్తాడు. ఇద్దరూ నష్టపోతారు. మందు పేరు పక్కన ‘స్టెంట్ ఉంది, ఆపకూడదు’ అనో, ‘ముప్పు 12 శాతం, మూడు నెలలకు చూద్దాం’ అనో నాలుగు ముక్కలు రాస్తే చాలు. మిగతాది మేం చూసుకుంటాం.

4. ఆస్పిరిన్ కలిపిన క్యాప్సూళ్లు జబ్బు లేనివారికి రాయకండి. మన మార్కెట్లో అటోర్వాస్టాటిన్ 10, ఆస్పిరిన్ 75 ఒకే క్యాప్సూల్‌లో వస్తాయి. రోసువాస్టాటిన్, రక్తం గడ్డకట్టకుండా చేసే క్లోపిడోగ్రెల్ కలిసీ వస్తాయి, స్టాటిన్, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మూడూ కలిసీ వస్తాయి. పేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి, చివర ఒక్క అక్షరం తేడా. చీటీలో ఆ అక్షరం సరిగా కనబడకపోతే, కొలెస్ట్రాల్‌కని మొదలుపెట్టిన మనిషి రక్తం పలుచబడే మందు మీదకు వెళ్లిపోతాడు. దాని ఫలితం తెలిసిందే. 2018లో వచ్చిన ఆస్ప్రీ అధ్యయనంలో ఎక్కువగా డెబ్బై దాటిన 19,114 మంది ఆరోగ్యవంతులకు ఆస్పిరిన్ ఇస్తే గుండె జబ్బులు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, పెద్ద రక్తస్రావాలు మాత్రం నూటికి 2.8 నుంచి 3.8కి పెరిగాయి. అదే ఏడాది షుగర్ రోగులు 15,480 మందిలో చేసిన అధ్యయనంలో గుండెకు కలిగిన కాస్త మేలును రక్తస్రావాలు దాదాపు మింగేశాయి. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ సొంతంగా కొనుక్కునే పెద్దాయనకు ఆ క్యాప్సూల్ తోడైతే కడుపులో పుండు పడి నల్ల విరేచనం కావచ్చు. ‘ఎసిడిటీ’ అని గ్యాస్ మాత్ర కొనుక్కుంటాడు తప్ప రక్తం పోతోందని అనుకోడు.

ట్రైగ్లిజరైడ్లు తగ్గించే ఫెనోఫైబ్రేట్ కలిపిన మాత్రల సంగతీ ఇంతే. 2010లో 5,518 మంది షుగర్ రోగులకు సిమ్వాస్టాటిన్ మీద ఫెనోఫైబ్రేట్ కలిపి ఇస్తే మొత్తం మీద గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. ట్రైగ్లిజరైడ్లు 500 దాటి పాంక్రియాస్ వాపు భయం ఉన్నవారికి అది వేరే సంగతి. 180 ఉన్న మనిషికి సాయంత్రం పకోడీలు, తీపి టీలు, మద్యం తగ్గించమని చెప్పడమే అసలు వైద్యం.

5. మందుల మధ్య గొడవలు చూడండి, మమ్మల్నీ చూడనివ్వండి. మన ఉక్కపోతకు తామర ఊరంతా ఉంది. దానికి ఇట్రాకోనజోల్ రెండు వారాలో నెలో రాస్తున్నారు. అది కాలేయంలో సిమ్వాస్టాటిన్‌ను, అటోర్వాస్టాటిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఆపేస్తుంది, దాంతో అవి రక్తంలో పేరుకుంటాయి. సిమ్వాస్టాటిన్‌తో అసలు కలపకూడదు. అటోర్వాస్టాటిన్ అయితే 20 మిల్లీగ్రాములు దాటకూడదు. కడుపులో పుండుకు ఇచ్చే రెండు వారాల కిట్‌లోని క్లారిత్రోమైసిన్‌కూ ఇదే వర్తిస్తుంది. చర్మ డాక్టరుకు గుండె మాత్ర సంగతి తెలియదు, గుండె డాక్టరుకు తామర సంగతి తెలియదు. రెండు చీటీలూ ఒకే షాపుకు వస్తే పట్టుకుంటాం; ఒకటి గాజువాకలో, ఒకటి జగదాంబలో కొంటే పట్టుకోలేం. సిమ్వాస్టాటిన్ 20 దాటి వాడేవారికి బీపీ మాత్ర అమ్లోడిపిన్ కలిపినా ఇబ్బందే. ఫెనోఫైబ్రేట్ కోవకే చెందిన జెమ్‌ఫైబ్రోజిల్‌ను ఏ స్టాటిన్‌తోనూ కలపకపోవడమే మంచిది. 2001లో సెరివాస్టాటిన్‌ను ప్రపంచమంతా మార్కెట్ నుంచి తీసేయాల్సి వచ్చిన కారణాల్లో ఆ జోడీ ఒకటి.

6. మోతాదు ఊరికే పెంచకండి. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది సుమారు 6 శాతమే. రోసువాస్టాటిన్ ఆసియా వాసుల రక్తంలో తెల్లవారికంటే రెట్టింపు దాకా చేరుతుంది కాబట్టి 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టమని అమెరికా లేబుల్‌లోనే ఉంది. ఇక్కడ తొలి చీటీలోనే 20 కనబడుతోంది.

7. దుష్ప్రభావాలు ఉన్నవి ఉన్నట్టు చెప్పండి. తక్కువ చేసి కాదు, పెద్దవి చేసీ కాదు. మాత్ర మింగినవారిలో 27.1 శాతం మందికి కండరాల నొప్పులు వస్తే, ఉత్తుత్తి మాత్ర మింగినవారిలోనూ 26.6 శాతం మందికి వచ్చాయి. 2022లో 19 అధ్యయనాలు కలిపి చూసి తేల్చినది ఇది. నొప్పుల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందికి ఒక నెల మాత్ర, ఒక నెల ఉత్తుత్తి మాత్ర, ఒక నెల ఏమీ లేకుండా మార్చి మార్చి ఇచ్చి చూస్తే, వాళ్లు పడిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్ర నెలల్లోనూ ఉంది. ఫోన్‌లో వచ్చే వీడియోలు చూసి మాత్ర పారేస్తున్నవారికి ఇది చెప్పాలి. అలాగే, 255 మంది నాలుగేళ్లు వాడితే ఒకరికి అదనంగా షుగర్ వస్తుందన్న లెక్కా చెప్పాలి. స్టెంట్ ఉన్నవాడు ఆ ముప్పు సంతోషంగా ఒప్పుకుంటాడు. ఏ జబ్బూ లేనివాడికి మేలూ నూటికి ఒకటే అయినప్పుడు ఆలోచించుకునే హక్కు ఉంది. గర్భం కోసం చూస్తున్న ఆడవాళ్లకు, అప్పుడు మాత్ర ఆపాల్సి రావొచ్చని ముందే చెప్పాలి. మూత్రం టీ డికాషన్ రంగులోకి మారి, తొడలు పట్టేసి లేవలేకపోతే మాత్ర ఆపి అదే రోజు ఆస్పత్రికి వెళ్లమని ప్రతి ఒక్కరికీ చెప్పాలి. అది అరుదు, కానీ వచ్చినప్పుడు కిడ్నీలు పోవచ్చు.

8. డెబ్బై అయిదు దాటి, ఎప్పుడూ గుండె జబ్బు లేనివారికి కొత్తగా మొదలుపెట్టే ముందు ఆగి ఆలోచించండి. ఆ వయసులో మేలు, కీడు తూచడానికి ఆధారం చాలదని అమెరికా నివారణ వైద్య బృందం 2022లో తేల్చిచెప్పింది.

9. ల్యాబుల వారికి: ‘హై’ అనే ముద్ర తీసేయమనడం లేదు. దాని కింద ఒక వాక్యం తెలుగులో వేయండి: ‘ఈ అంకె ఒక్కటే చూసి మందు నిర్ణయించరు, వయసు, బీపీ, షుగర్, పొగతో కలిపి డాక్టరు చూస్తారు.’ ఎల్‌డీఎల్ లెక్కగట్టినదో కొలిచినదో రాయండి. హెచ్‌డీఎల్ కానిదాన్ని తప్పక వేయండి. అర్థం లేని నిష్పత్తులు తీసేయండి. శిబిరాల వారికి: పరీక్షల ఖర్చు ఎవరు పెట్టారో బోర్డు మీద రాయండి. మందుల కంపెనీలు వైద్యులకు కానుకలివ్వకూడదని 2024 మార్చిలో కేంద్రం ఇచ్చిన ప్రవర్తనా నియమావళి చెబుతోంది. జనానికి కూడా ఆ మాత్రం తెలియనివ్వాలి.

మేం చేయాల్సింది మేమూ చేస్తాం. స్టాటిన్ చీటీ వచ్చినప్పుడు ‘మీకు గుండె జబ్బు ఉందా, షుగర్ ఉందా, చర్మానికి మందులేమైనా వాడుతున్నారా’ అని మూడు ప్రశ్నలు అడుగుతాం. స్టెంట్ ఉన్నవారు మాత్ర కొనడం మానేస్తే ఫోన్ చేసి గుర్తు చేస్తాం. డాక్టరు రాసిన మందును మా అంతట మేం ఆపం, మార్చం. అనుమానం వస్తే చీటీ వెనుక రాసి తిరిగి పంపుతాం. అలా వెనక్కి వచ్చిన చీటీని అవమానంగా తీసుకోకండి. చదివి, రెండు ముక్కలు జవాబు రాయండి. ఇప్పటిదాకా మేం పంపినవాటిలో చాలావాటి మీద ఏమీ రాయకుండానే రోగిని మళ్లీ మా దగ్గరకే పంపారు. ఆ ఎండలో అటూ ఇటూ తిరిగింది డెబ్బై ఏళ్ల ముసలమ్మ.

వైద్యులు, ల్యాబులు, ఫార్మసిస్టులు ఒకచోట కూర్చుని మూడో విన్నపం గురించి, చీటీ మీద కారణం రాయడం గురించి, ఒక మాట అనుకుంటే అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. ఆదివారం మధ్యాహ్నం ఎక్కడ పిలిచినా వస్తాం. నెల రోజులు చూస్తాం. ఆలోపు జవాబు రాకపోతే ఈ తొమ్మిది విన్నపాలనూ పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించి మా షాపుల కౌంటర్ల మీద పెడతాం.

ఇట్లు,
విశాఖపట్నంలో పనిచేస్తున్న కొందరు ఫార్మసిస్టులు